బ్రౌను దొర తండ్రి పల్టను పాదిరీ

వేమన పద్యాలను వెతికించి అచ్చు వేయించిన సి.పి. బ్రౌను ఎక్కడ పుట్టాడో తెలుసా? కడపలో కాదు, లండన్‌లోనూ కాదు. కలకత్తాలో, 1798 నవంబరు 10న. తండ్రి డేవిడ్ బ్రౌను ఈస్టిండియా కంపెనీ కొలువులో పాదిరీ. కొత్తల్లో ఫోర్ట్ విలియం కోటలో ఒక పటాలానికి చాప్లిన్‌గా పనిచేశాడు.

అసలు ఆ పెద్ద బ్రౌను 1786లో ఓడ దిగింది సోల్జర్లకు ప్రార్థనలు చెప్పడానికి కాదు, చనిపోయిన సైనికుల పిల్లల్ని చూసుకోవడానికి. జ్వరాలు, విరేచనాలు యుద్ధాలకన్నా ఎక్కువ మందిని మింగిన కాలం అది. ఆఫీసర్లంతా తమ జీతాల్లోంచి కొంత తీసి మిలిటరీ ఆర్ఫన్ సొసైటీ పెట్టుకున్నారు. ఆఫీసర్ల పిల్లలకు ఒక బడి, మామూలు సోల్జర్ల పిల్లలకు ఇంకొకటి. తండ్రి పోయాక కూడా హోదా పోలేదన్నమాట! వాళ్లలో చాలామంది తల్లులు ఈ దేశపు స్త్రీలే. ఆ పిల్లల బాగోగులు చూసే ఉద్యోగం డేవిడ్ బ్రౌనుది.

ఆ ఉద్యోగం రెండేళ్లే సాగింది. అదే ఊళ్లో కియర్నాండర్ అనే స్వీడన్ మిషనరీ కట్టించిన చర్చి ఒకటి ఉంది. ‘లాల్ గిర్జా’ అని ఇప్పటికీ నిలిచే ఉంది. కియర్నాండర్ అప్పుల్లో మునిగాడు, చర్చి జప్తుకొచ్చింది. చార్లెస్ గ్రాంట్ అనే కంపెనీ ఉద్యోగి పదివేల రూపాయలు కట్టి విడిపించాడు. చర్చి దక్కింది గాని పాదిరీ లేడు. డేవిడ్ బ్రౌను జీతం లేకుండా ఆ పని నెత్తికెత్తుకున్నాడు. అనాథల సొసైటీ వారికి అది నచ్చలేదు. ‘అదో ఇదో తేల్చుకో’ అన్నారు. ఆయన చర్చినే ఎంచుకున్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు తల పట్టుకునే రకం నిర్ణయం. కొడుకు చార్లెస్‌కూ డబ్బు లెక్క చూసుకోకుండా చేతి సొమ్ము పోసి తెలుగు తాళపత్రాలకు నకళ్లు రాయించే గుణం ఉందంటే, అది ఎక్కణ్నుంచి వచ్చిందో వేరే చెప్పాలా?

సొసైటీ తరవాత ఖిదిర్‌పూర్‌లో పెద్ద భవనం తీసుకుంది. అక్కడి ఆడపిల్లలకు పెళ్లి సంబంధాలు ఎలా కుదిరేవి? డాన్సు పార్టీలు పెట్టేవారు. పెళ్లికాని ఆఫీసర్లు వచ్చేవారు, నచ్చిన పిల్లను అడిగేవారు. అనాథాశ్రమమే పెళ్లిచూపుల ఇల్లు.

ఇంగ్లిషు సోల్జర్ చనిపోతే అతని భార్య గతి వేరు. సర్కారు తిండి కొన్ని నెలలే. ఆలోగా స్వదేశానికి ఓడెక్కాలి, లేదా అదే పల్టనులో మరొకణ్ని కట్టుకోవాలి. అందుకే మొగుడు పోయిన కొద్ది వారాలకే మళ్లీ పెళ్లి జరగడం బారకాసుల్లో వింత కాదు. ఆ పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఖననాలు పాదిరీ రిజిస్టరులో ఎక్కించేవాడు, నకలు లండన్‌కు వెళ్లేది. ఆ దస్తరం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తాతముత్తాతల పేర్లు వెతుక్కునేవాళ్లకు అది బంగారు గని.

కంపెనీకి పాదిరీల మీద పెద్ద ప్రేమేమీ లేదు. 1698 చార్టరు ప్రకారం 500 టన్నులు, ఆపైన ఉన్న ప్రతి ఓడలోనూ ఒక పాదిరీ ఉండాలి. కంపెనీ ఏం చేసింది? 499 టన్నుల ఓడలు మాట్లాడుకుంది! ఆ ఒక్క టన్నుతో జీతం మిగిలింది. చట్టం చేసేవాళ్లు ఎప్పుడూ అంకె దగ్గరే దొరికిపోతారు.

కోటలో పాదిరీ పని క్షేమమైనదనుకుంటే పొరపాటు. 1756లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా కలకత్తా కోటను పట్టుకున్నప్పుడు ‘బ్లాక్ హోల్’ అనే ఇరుకు ఖైదుగదిలో చనిపోయినవారిలో అక్కడి ముసలి పాదిరీ గెర్వాస్ బెల్లమీ ఒకడు. సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న కొడుకూ అక్కడే పోయాడు.

మళ్లీ తెలుగు దగ్గరికి వద్దాం. క్లాడియస్ బుకానన్ అనే పాదిరీని 1797లో బారక్‌పూర్ కంటోన్మెంటుకు పంపారు. అక్కడ చర్చే లేదు. 1800లో ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టగానే డేవిడ్ బ్రౌను ప్రొవోస్టు, బుకానన్ వైస్ ప్రొవోస్టు అయ్యారు. ఆ కాలేజీలో పాఠాలు చెప్పిన విలియం కేరీ తెలుగు వ్యాకరణం కూడా రాశాడు. 1812 మార్చిలో శ్రీరాంపూర్ అచ్చాఫీసు కాలిపోయినప్పుడు ఆ రాతప్రతి బూడిదైంది. కేరీ మళ్లీ కూర్చుని రాశాడు, 1814లో అచ్చయింది. డేవిడ్ బ్రౌను దాన్ని చూడలేదు, 1812లోనే పోయాడు. అప్పటికి చార్లెస్‌కు ఇంకా పద్నాలుగు నిండలేదు.

శ్రీరాంపూర్ పక్కన ఆల్డీన్‌లో బ్రౌనుల ఇల్లు. ఆ తోటలో పూజలు ఆగిపోయిన పాత గుడి ఉండేది. 1806లో వచ్చిన యువ చాప్లిన్ హెన్రీ మార్టిన్‌కు అదే బస. అతను తరవాత కొత్త నిబంధనను ఉర్దూలోకి తెచ్చాడు. అప్పటికి మన చార్లెస్ ఏడెనిమిదేళ్ల పిల్లాడు.

దేశీ సిపాయిలకు మతబోధ మాత్రం కంపెనీకి భయం. 1857లో బారక్‌పూర్‌లో మంగళ్ పాండే ఉన్న 34వ పల్టను అధిపతి కల్నల్ వీలర్ పాదిరీ కాకపోయినా సిపాయిలకు క్రైస్తవం బోధించేవాడు. పై అధికారులు సంజాయిషీ అడిగారు. బోధించిన మాట నిజమేనని రాసిచ్చాడు.

 

ఇప్పటి సంగతి? ఫోర్ట్ విలియం తూర్పు కమాండ్ కేంద్రం, పేరు విజయ్ దుర్గ్ అయింది. లోపలి సెయింట్ పీటర్స్ చర్చి జవాన్ల లైబ్రరీ. మన సైన్యంలో పండిట్, గ్రంథీ, మౌల్వీ, పాద్రే, బౌద్ధ భిక్షువు అందరూ ‘రిలిజియస్ టీచర్’ పేరుతో నాయబ్ సుబేదార్ హోదాలో చేరతారు, జవాన్లు ‘సాబ్’ అనే పిలుస్తారు. చాలా చోట్ల ఒకే కప్పు కింద సర్వధర్మ స్థల్.

భర్తీ ప్రకటనలో వీళ్ల పనుల జాబితా చదివితే పూజ చిన్న భాగమే అనిపిస్తుంది. ఆస్పత్రిలో రోగుల్ని పలకరించాలి, అంత్యక్రియలకు వెళ్లాలి, శిక్ష అనుభవిస్తున్న జవాన్లను కలవాలి, జవాన్ల కుటుంబాల, పిల్లల మంచిచెడ్డలు చూడాలి. 1786లో డేవిడ్ బ్రౌనుకు అప్పజెప్పింది కూడా ఆ చివరి పనే కదా!

అర్హతలు? పండిట్‌కు సంస్కృతంలో ఆచార్యో శాస్త్రియో పట్టా కావాలి, కర్మకాండ కూడా చదివి ఉండాలి. పాద్రేకు అభిషేకంతో పాటు స్థానిక బిషప్ జాబితాలో పేరుండాలి. ఇవన్నీ ఉన్నా, 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరుగెత్తాలి. ఆ పరుగు మాత్రం మంత్రమొచ్చినవాడికీ తప్పదు.