టిడ్డా వేషం వేసే పిల్లకు చెవులు ఎక్కడ కుట్టాలి?

చికాగో దగ్గర ఉంటున్న మా చెల్లెలి కూతురికి ఈసారి స్కూల్ నాటకంలో వేషం దొరికింది. పాటలతో, డాన్సులతో నడిచే నాటకం. అక్కడ దాన్ని మ్యూజికల్ అంటారు. పేరు ‘జేమ్స్ అండ్ ద జెయింట్ పీచ్’. తొమ్మిదేళ్ల పిల్ల, వీడియో కాల్‌లో వాళ్ల నానీకి ఎగిరెగిరి చెప్పింది, “నానీ, నేను గ్రాస్‌హాపర్!” అని. మా అమ్మకు అర్థం కాలేదు. “మిడత అమ్మీ, టిడ్డా” అన్నాను నేను. అమ్మ ముఖం చిన్నబోయింది. “ఏ రాణి వేషమో ఇవ్వకుండా పురుగు వేషం ఇచ్చారేంటి నా బంగారానికి?” అంది. “టిడ్డా ఫిడేలు వాయిస్తుంది నానీ!” అని పిల్ల సర్దిచెప్పింది.

మా చెల్లెలి ఇబ్బంది వేరే. డ్రెస్ తనే కుట్టాలి. తల మీద రెండు మీసాలు పెట్టింది, రెక్కలు పెట్టింది. “మరి చెవులు ఎక్కడ పెట్టాలి అన్నా?” అని నన్ను అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను గానీ, తర్వాత చదివితే తెలిసింది, అది నవ్వాల్సిన ప్రశ్న కాదని. ఆ కథ రాసినాయన కూడా దాని గురించి ఆలోచించి రాశాడు.

కథేంటి?

రోల్డ్ డాల్ అనే బ్రిటిష్ రచయిత 1961లో రాసిన పిల్లల పుస్తకం ఇది. జేమ్స్ నాలుగేళ్లప్పుడే యతీమ్ అయిపోతాడు. లండన్ జూ నుంచి తప్పించుకున్న ఖడ్గమృగం వాళ్ల అమ్మానాన్నల్ని తినేస్తుంది. తర్వాత స్పంజ్, స్పైకర్ అనే ఇద్దరు మేనత్తల దగ్గర పెరుగుతాడు. పెరగడమంటే కట్టెలు కొట్టడం, తిట్లు తినడం, కొండ మీద ఇంట్లో ఒంటరిగా ఉండటం. పెరట్లో ఎప్పుడూ కాయని పీచ్ చెట్టుకు ఒకరోజు జాదూ వల్ల ఒక కాయ కాసి, ఇల్లంత అవుతుంది. జేమ్స్ ఆ పండుకు ఉన్న కన్నంలోంచి లోపలికి పాకితే, అక్కడ తనంత సైజున్న పురుగులు కూర్చుని ఉంటాయి. ముసలి మిడత, జెర్రి, వానపాము, అక్షింతల పురుగు, సాలీడు, పట్టుపురుగు, మిణుగురు. మన ఇళ్లలో చెప్పాలంటే టిడ్డా, కన్‌ఖజూరా, కేంచువా, మక్డీ, జుగ్నూ. వాడికి ముందు గుండె ఆగినంత పనవుతుంది. తర్వాత అవే వాడికి ఇంటివాళ్లు అవుతాయి.

పండు దొర్లి సముద్రంలో పడుతుంది. సొరచేపలు చుట్టుముడతాయి. జేమ్స్ ఉపాయం ఏంటంటే, వానపామును ఎర చూపి సముద్రపు పక్షుల్ని రప్పించడం, సాలీడు, పట్టుపురుగు నేసిన దారాలతో వాటిని పండు కాడకు కట్టడం. పుస్తకంలో లెక్క కూడా ఉంది, 502 పక్షులు. అలా ఎగిరి ఎగిరి న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మొన మీద గుచ్చుకుంటారు.

దీన్ని స్టేజి మ్యూజికల్‌గా చేసింది బెంజ్ పాసెక్, జస్టిన్ పాల్ అనే జంట. పాటలు, సంగీతం వాళ్లవి, నాటకం రాసింది టిమోథీ అలెన్ మెక్‌డొనాల్డ్. 2010లో అమెరికాలోని కనెటికట్‌లో మొదటిసారి ఆడారు. అప్పటికి ఈ ఇద్దరు కుర్రాళ్లు పెద్దగా ఎవరికీ తెలియదు. తర్వాత ‘లా లా ల్యాండ్’ సినిమా పాటకు ఆస్కార్ వచ్చాక అందరికీ తెలిశారు. స్కూలు పిల్లలు ఆడుకోవడానికి గంట సేపటి చిన్న రూపం కూడా ఉంది. అందుకే అమెరికాలో ఏదో ఒక స్కూల్లో ఇది ఆడుతూనే ఉంటారు, మన పిల్లలు అందులో జెర్రులు, వానపాములు అవుతూనే ఉంటారు.

అక్కడి తల్లిదండ్రులకు ఒక మాట. ఇలాంటి నాటకాలకు స్కూలు హక్కులు కొనుక్కుని ఆడిస్తుంది. ఆ షరతుల్లో చాలాసార్లు వీడియో తీయకూడదని ఉంటుంది. ఊళ్లో ఉన్న నానీకి, దాదీకి చూపిద్దామని ఫోన్ పైకెత్తే ముందు టీచర్‌ని అడగండి. వేషంతో ఫోటో తీసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇంకో మాట, చిన్నపిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు. అమ్మానాన్నలు పోవడం కథలో చకచకా, నవ్వులాటగా అయిపోతుంది. పెద్దవాళ్లం నవ్వుతాం. ఇంట్లో ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలుంటే మాత్రం ముందుగానే కథ చెప్పి తీసుకెళ్లడం మంచిది. మేనత్తల క్రూరత్వం కూడా అంతే. నా మట్టుకు నాకు కథలో ఆ భాగమే నిజమైనది అనిపిస్తుంది. ఆ పిల్లాడిని చుట్టాలు బరువుగా చూశారు. అందరూ చెప్పుతో కొట్టే ప్రాణులు పక్కన చోటిచ్చాయి.

ఇది మనకు కొత్త కాదు. ఇక్బాల్ పిల్లల కోసం రాసిన ‘హమ్‌దర్దీ’ ఉర్దూ మీడియంలో చదివిన ఎవరికైనా గుర్తుంటుంది. చీకటి పడి గూటికి పోలేక దిగులుగా కూర్చున్న బుల్‌బుల్‌కు జుగ్నూ దారి చూపిస్తానంటుంది. పురుగు చిన్నదే గానీ దాని దగ్గర దీపం ఉంది. డాల్ పండులో కూడా మిణుగురు పని అదే, లోపల లైటు వేయడం.

మిడత నిజంగా ఫిడేలు వాయిస్తుందా?

దాదాపు నిజమే. పురుగులకు మనలాగా గొంతు లేదు. అవి ముక్కుతోనో నోటితోనో గాలి పీల్చవు, ఒంటి పక్కన ఉండే చిన్న చిన్న రంధ్రాల్లోంచి పీలుస్తాయి. మడగాస్కర్ బొద్దింక ఒకటి ఆ రంధ్రాల్లోంచే గాలి ఊది బుస్సుమంటుంది గానీ, అది అరుదు. మిగతావన్నీ ఒంటినే వాయిద్యంగా చేసుకుంటాయి.

పొట్టి మీసాల మిడతకు వెనక కాలి తొడ లోపలి వైపు వరుసగా సన్నని ముళ్లలాంటివి ఉంటాయి. ఆ కాలిని పైకీ కిందకీ ఆడిస్తూ రెక్క మీద గట్టి ఈనెకు రాస్తుంది. ఫిడేలు తీగ మీద కమాను లాగినట్టే. కాబట్టి మా మేనకోడలి చేతిలో ఫిడేలు పెట్టడం కవిత్వం కాదు, లెక్క సరిపోయింది.

రాత్రి మన పెరట్లో కిర్రుమనే కీచురాయి, అంటే ఝీంగుర్, అలా కాదు. దానికి కాలితో పని లేదు. ఒక రెక్క అడుగున దువ్వెన పళ్లలాంటి వరుస ఉంటుంది, రెండో రెక్క అంచు గీరుడు పలక. రెండు రెక్కలు ఎత్తి మూసినప్పుడల్లా ఒక చప్పుడు. రెక్కలో పలచటి భాగం డోలు తోలులా అదిరి దాన్ని పెద్దది చేస్తుంది. ఈ స్వరం సెకనుకు సుమారు 4 నుంచి 5 వేల కంపనాల దగ్గర ఉంటుంది. పియానోలో కుడి చివరి మెట్టు 4 వేలు దాటి కాస్తే ఉంటుంది, దానికి ఇది పొరుగిల్లు.

మండుటెండలో చెట్ల మీద చెవులు చిల్లులు పడేలా అరిచే సికాడా పద్ధతి మూడోది. పొట్ట పక్కల రెండు గట్టి పొరలు ఉంటాయి. డబ్బా మూతను నొక్కి వదిలితే టక్‌మంటుంది చూడండి, అలా కండరం ఆ పొరను లోపలికి లాగి వదులుతుంది, సెకనుకు కొన్ని వందల సార్లు. మగదాని పొట్ట చాలావరకు ఖాళీగా ఉంటుంది, అందుకే ఆ గోల. పాడేటప్పుడు దాని చెవి పొరలు వదులైపోతాయి, తన గోలకు తనే చెవిటిది కాకుండా.

ఇక చెవుల సంగతి. కీచురాయి చెవులు ముందు కాళ్లలో, మోకాలి కింద. పొట్టి మీసాల మిడత చెవులు పొట్టకు రెండు పక్కలా. డాల్ పుస్తకంలో ముసలి మిడత కూడా జేమ్స్‌కు ఇదే చెబుతుంది. పిల్లాడు ముందు నమ్మడు. నిజంగా అంతే అని మా చెల్లెలికి ఫోన్ చేసి చెబితే తనూ నమ్మలేదు.

పనిలో పనిగా ఇంకో లెక్క. ఆ పండులో ఉన్నవాళ్లంతా పురుగుల జాతి కాదు. ఆరు కాళ్లుంటేనే కీటకం. సాలీడుకు ఎనిమిది, వానపాముకు అసలు లేవు, కళ్లూ లేవు. జెర్రికి వంద కాళ్లంటారు గానీ, ఉండే జతల సంఖ్య ఎప్పుడూ బేసి సంఖ్యే, కాబట్టి సరిగ్గా యాభై జతలు, వంద కాళ్లు ఉండే అవకాశం లేదు. అక్షింతల పురుగు మాత్రం మన పొలాల్లో పాత నేస్తం, పేనుబంకను తినేస్తుంది కాబట్టి రైతులు దాన్ని చంపరు.

పాట ఎవరి కోసం?

పిల్లల నాటకంలో పురుగులు సంతోషం కోసం పాడతాయి. బయట పాడేది చాలావరకు మగవే, ఆడదాన్ని పిలవడానికి, పక్క మగదాన్ని తరమడానికి. గట్టిగా పాడితే పెళ్లికూతురు దొరుకుతుంది, శత్రువుకూ దొరికిపోతుంది.

హవాయి దీవుల్లో కవాయి అని ఒకటి ఉంది. అక్కడి కీచురాళ్ల వెనక ఒక ఈగ పడింది. అది పాట విని వచ్చి, కీచురాయి మీద పిల్లల్ని వదులుతుంది. అవి లోపలికి దూరి దాన్ని తినేస్తాయి. 2003కల్లా అక్కడ మగ కీచురాళ్లలో ఎక్కువ భాగం మూగవైపోయాయని శాస్త్రవేత్త మార్లీన్ జుక్ బృందం చూసింది, 2006లో ప్రకటించింది. రెక్క మీది దువ్వెన పళ్లు చదునైపోయాయి. ఇరవై తరాల లోపే ఈ మార్పు. మూగవి ఏం చేస్తాయంటే, ఇంకా పాడుతున్న ఒకటీ అరా మగవాటి పక్కన చేరి, ఆ పాట విని వచ్చే ఆడవాటిని దారిలోనే కలుసుకుంటాయి.

ఆ ఈగ చెవుల మధ్య దూరం మిల్లీమీటరు కూడా ఉండదు. అయినా చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో కచ్చితంగా పట్టేస్తుంది. దాన్ని చూసి వినికిడి యంత్రాలకు పనికొచ్చే చిన్న మైకులు తయారుచేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

మన పక్కనే ఇంకో ముచ్చట. దక్షిణ భారతంలో పొదల మీద ఉండే ఒక రకం చెట్టు కీచురాయి ఆకుకు మధ్యలో కన్నం కొరికి, అందులో తల పెట్టి, ఆకును పలకలా వాడుకుని పాడుతుంది. రెక్క ముందు వైపు శబ్దం, వెనక వైపు శబ్దం ఒకదాన్నొకటి తినేయకుండా ఆకు అడ్డుపడుతుంది, పాట గట్టిగా వినిపిస్తుంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో రోహిణి బాలకృష్ణన్ బృందం దీన్ని చాలాకాలంగా గమనిస్తోంది. ఈ ఉపాయం ఎక్కువగా వాడేది చిన్న సైజువి, గొంతు తక్కువ ఉన్నవి. పెద్ద గొంతువాటికి ఆ అవసరం లేదు మరి.

నానీకి వినిపించలేదు

నాటకానికి రెండు వారాల ముందు ఒక రాత్రి, వాళ్ల ఇంటి వెనక కీచురాళ్లు అరుస్తుంటే మా మేనకోడలు ఫోన్ కిటికీలో పెట్టి “విను నానీ” అంది. మాకు ఏమీ వినిపించలేదు. తప్పు అమ్మ చెవులది అనుకున్నాం. కొంత అదీ ఉంది. వయసు పెరిగేకొద్దీ ముందుగా పోయేది సన్నని, ఎత్తు స్వరాలే. పొడుగు మీసాల మిడతల కూతలు ఇంకా ఎత్తులో ఉంటాయి కాబట్టి మొదట అవి పోతాయి. అమ్మ ఈమధ్య “మన పెరట్లో ఝీంగుర్లు అరవడం మానేశాయి” అంటోంది. నాకు వినిపిస్తున్నాయి. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

కానీ ఆ రాత్రి నాకూ వినిపించలేదు. కారణం ఫోన్. కాల్స్‌లో మాట స్పష్టంగా రావాలని, వెనక ఆగకుండా వచ్చే చప్పుడును యాప్‌లు వడపోసేస్తాయి. ఫ్యాను, ఏసీ, కీచురాయి దానికి ఒకటే. రికార్డింగ్ చేసి ఫైలుగా పంపమన్నాం. పంపింది. అమ్మ స్పీకర్ దగ్గర చెవి పెట్టి చాలాసేపు కూర్చుంది. “ఆఁ, ఉంది, సన్నగా ఉంది” అంది.

పిల్లకు ఇంకో ఆట నేర్పాం. అమెరికా శాస్త్రవేత్త ఆమోస్ డాల్బేర్ 1897లో రాశాడు, ఎండ ఎక్కువైతే కీచురాయి వేగంగా అరుస్తుంది, చలికి నెమ్మదిస్తుంది, కాబట్టి లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పొచ్చని. అక్కడి చెట్టు కీచురాయికి లెక్క సులువు: 8 సెకన్లలో ఎన్ని అరుపులో లెక్కపెట్టి, 5 కలిపితే సెల్సియస్ డిగ్రీలు వస్తాయి, అటూ ఇటూగా. మన ఊరి రకాలకు ఈ లెక్క అచ్చంగా కుదరదు, అయినా డాబా మీద పిల్లలతో కూర్చుని చలికాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి లెక్కపెడితే తేడా వాళ్లకే తెలుస్తుంది.

మేనకోడలు 13 లెక్కపెట్టింది. 18 డిగ్రీలు అంది. ఫోన్‌లో చూస్తే 17. డ్రెస్ కూడా అయిపోయింది. ఆకుపచ్చ గుడ్డ, నడుము దగ్గర రెండు పక్కలా నల్లటి గుండ్రటి ముక్కలు. అవి బొత్తాలా అని టీచర్ అడిగిందట. చెవులు అని చెప్పిందట మా పిల్ల.