ఫాస్ట్‌ఫుడ్ వంటవాడి వృత్తి నైపుణ్యం, పని పరిస్థితులు: విడపనకల్లు నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:
ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర బాణలి పట్టిన మనిషిని జనం ‘మాస్టర్’ అని పిలుస్తారు. వృత్తుల వర్గీకరణ పట్టికలు మాత్రం ఫాస్ట్‌ఫుడ్ తయారీని పెద్దగా నేర్పు అక్కరలేని ప్రాథమిక శ్రమగా లెక్కిస్తాయి. ఈ రెండు పేర్ల మధ్య ఉన్న అంతరం వంటవాడి కూలిమీద, ఆరోగ్యంమీద, భవిష్యత్తుమీద ప్రభావం చూపుతుంది. అనంతపురం జిల్లా విడపనకల్లు వంటి కరవు సీమ నేపథ్యంలో ఈ వృత్తిలోని నైపుణ్యాలను, పని పరిస్థితులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫాస్ట్‌ఫుడ్, వృత్తి నైపుణ్యం, వృత్తి పదజాలం, అసంఘటిత శ్రమ, విడపనకల్లు, కనీస వేతనం.

1. ఉపోద్ఘాతం:
అన్నాన్ని వెలకు అమ్మే వృత్తి తెలుగునాట కొత్తది కాదు. ఓరుగల్లులోని పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన క్రీడాభిరామంలో కనిపిస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో కావ్యాల్లోని ఇటువంటి ప్రస్తావనల ఆధారంగా తెలుగువారి తిండితీర్లను చర్చించారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం (1962) వ్యవసాయ పదాలను, ఆ తర్వాత వచ్చిన చేనేత సంపుటం (1971) నేతపనివారి పదాలను నమోదు చేశాయి. ఒక పనికి సొంత పదజాలం ఏర్పడిందంటే అందులో నేర్చుకోవలసిన విద్య ఉన్నదని అర్థం. ఆ దృష్టితో చూస్తే, ఇటీవలి దశాబ్దాల్లో ఊరూరా స్థిరపడిన ఫాస్ట్‌ఫుడ్ వంటవాడి పని కూడా పరిశోధకుల దృష్టికి రావలసినదే.

విడపనకల్లు కర్ణాటక సరిహద్దు మండలాలలో ఒకటి. మండల కేంద్రం గుంతకల్లు–బళ్ళారి రహదారిమీద ఉంది. జిల్లా సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. వాన తప్పిన ఏడు సేద్యపు కుటుంబాలు బళ్ళారికో బెంగళూరుకో వలసపోవడం ఈ సీమలో పరిపాటి. పెట్టుబడి అడగకుండా, చదువు అడగకుండా, తిండీ పడకా చూపి పనిలో పెట్టుకొనే చోట్లలో హోటల్ వంటిల్లు ఒకటి. అక్కడ గిన్నెలు కడిగి, కూరగాయలు తరిగి, క్రమంగా పొయ్యి దగ్గరికి చేరినవాడు తిరిగి వస్తే, అతనికి సొంత ఊరిలో బతుకుతెరువు చూపగలిగేది ఒక తోపుడుబండి. కాబట్టి ఈ వృత్తిని కరవు, వలసలతో కలిపి చూడాలి.

2. ‘ఫాస్ట్‌ఫుడ్’ – అర్థవ్యత్యాసం:
అంతర్జాతీయ కార్మిక సంస్థ రూపొందించిన 2008 నాటి వృత్తుల వర్గీకరణలో వంటవారికి 5120 అనే సంకేతం ఉంది. ఫాస్ట్‌ఫుడ్ తయారీదారులకు ఇచ్చిన సంకేతం 9411. మొదటిది సేవలు, విక్రయాల విభాగానికి చెందితే, రెండోది తొమ్మిదో విభాగమైన ‘ప్రాథమిక వృత్తులు’లోకి వస్తుంది. భారత జాతీయ వృత్తుల వర్గీకరణ (2015) ఈ చట్రాన్నే అనుసరించింది. కొద్దిపాటి దినుసులతో, సులభమైన పద్ధతిలో, పరిమితమైన పదార్థాలను తయారుచేసే పని అన్నది ఈ విభజన వెనుక ఉన్న భావన.

ఈ భావన అమెరికాలో పుట్టింది. 1948లో మెక్‌డొనాల్డ్ సోదరులు కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో తమ వంటింటిని కర్మాగారపు వరుసలా మార్చారు. ఒకరు మాంసం కాలుస్తారు, ఒకరు రొట్టె సిద్ధం చేస్తారు, ఒకరు పొట్లం కడతారు. వంట తెలిసిన మనిషి అవసరం తగ్గేలా పనిని ముక్కలు చేయడమే ఆ పద్ధతిలోని కీలకం.

తెలుగు వ్యవహారంలో ‘ఫాస్ట్‌ఫుడ్’ అంటే ఫ్రైడ్‌రైస్, నూడుల్స్, మంచూరియా. ఇవి భారతీయ చైనా వంటకు చెందినవి. చికెన్ మంచూరియాను 1975లో ముంబయిలో నెల్సన్ వాంగ్ రూపొందించారని ప్రసిద్ధి. ఈ వంటకు కేంద్రీయ కర్మాగారం లేదు. బియ్యం నానబెట్టడం మొదలు పొట్లం కట్టడం వరకు ఒకరిద్దరి చేతులమీదుగానే సాగుతుంది. వడ్డన వేగంగా జరుగుతుందే తప్ప, వంటలో అధికభాగం నెమ్మదైన పనే. ఒకే పేరు ఉండడంవల్ల ఈ రెండు భిన్నమైన శ్రమలు ఒకే గాటకు కట్టబడ్డాయి.

3. వృత్తి నైపుణ్యాలు:

3.1 అన్నం ఆరబెట్టడం:
ఫ్రైడ్‌రైస్‌కు అన్నాన్ని ముప్పాతిక వంతు ఉడికించి, గంజి వార్చి, వెడల్పుగా పరచి ఆరబెడతారు. చల్లారినప్పుడు అన్నంలోని పిండిపదార్థం గట్టిపడి మెతుకు మెతుకుకూ విడివడుతుంది. వేడి అన్నాన్ని బాణలిలో వేస్తే ముద్ద అవుతుంది. అయితే ఉడికిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. అది విడుదల చేసే, వాంతులు కలిగించే విషం మళ్ళీ వేడిచేసినా నశించదు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే సీమలో, శీతలపేటిక లేని బండిమీద, అన్నం ఆరాలి, చెడకూడదు. అందుకే తెలిసిన వంటవాడు ఒకేసారి ఎక్కువ వండడు. పలుచగా పరుస్తాడు, రాత్రి మిగిలినదాన్ని మరునాటికి ఉంచడు.

3.2 మంట అదుపు:
పెద్ద బర్నరు మంటమీద బాణలి పొగలు చిమ్మేంతగా కాగాలి. దినుసులు పడగానే వాటి తడి ఆవిరై పోవాలి. ఎక్కువమందికి ఒకేసారి చేయాలన్న తొందరలో బాణలి నింపితే వేడి పడిపోయి అన్నం వేగడానికి బదులు ఉడుకుతుంది. వెల్లుల్లి మాడకముందే ఉల్లి పడాలి. క్యాబేజీ, క్యారెట్ మెత్తబడకముందే అన్నం పడాలి. సాస్ ముందుగా వేస్తే మాడి చేదెక్కుతుంది. వెనిగర్ ముందే వేస్తే దాని పులుపు, ఘాటు ఆవిరితో పోతాయి. ఈ క్రమమంతా రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. ఒక చేయి బాణలిని ఎగరవేస్తుండగా, రెండో చేయి గరిటెతో ఉప్పు, కారం, సాస్ తీస్తుంది. కొలపాత్ర ఉండదు, గరిటె అంచే కొలత.

3.3 పిండి, నూనె, రంగు:
మంచూరియాకు గోబీ పువ్వులను ఉప్పునీళ్ళలో కొద్దిగా ఉడికించి, మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపిన పిండి పట్టించి వేయిస్తారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జి ఉదయపు తిండిగా పాతుకొనిపోయిన ఈ ప్రాంతంలో పిండి జారుడు, నూనె కాగుదల చూసి తెలుసుకొనే నేర్పు ముందునుంచీ ఉంది. మంచూరియా ఆ పాత నేర్పుపై నిలిచిన కొత్త వంటకం.

వాడిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన 2018 జులై 1 నుంచి అమలులో ఉంది. దాన్ని కొలిచే పరికరం బండిమీద ఉండదు. నురగ, చిక్కదనం, నలుపు, పొగ చూసి వంటవాడే నూనెను గమనించాలి.

రంగు విషయం మరింత సున్నితమైనది. కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చి 11న గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించింది. పరీక్షించిన 171 నమూనాలలో 107 సురక్షితం కానివని తేలింది. సరిహద్దు దాటితే నిషేధమైన రంగు ఇవతల ఆరోగ్యకరం కాజాలదు. మిరప పండే ఈ సీమకు ప్రత్యామ్నాయం దగ్గరలోనే ఉంది. ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ గల బ్యాడిగి మిరపను నానబెట్టి నూరితే కావలసిన రంగు వస్తుంది. కానీ దానికి ఖర్చు, సమయం కావాలి. చౌక ధరకు ఎర్రని ప్లేటు కోరే గిరాకీ, వంటవాణ్ణి రంగు పొడివైపు నెడుతుంది.

3.4 జ్ఞాపకం, పదజాలం:
ఒకేసారి నలుగురైదుగురు అడిగినదాన్ని కాగితం లేకుండా గుర్తుంచుకోవడం ఈ పనిలో భాగం. ‘హాఫ్’, ‘ఫుల్’, ‘డ్రై’, ‘గ్రేవీ’, ‘పార్సిల్’, ‘కారం తక్కువ’ వంటి మాటలే సూచనలు. సరిహద్దు ఊళ్ళలో ఇవి తెలుగులోనూ కన్నడంలోనూ వినిపిస్తాయి. పదాలు ఆంగ్లంనుంచి వచ్చినా వాటి అర్థాలు ఇక్కడివి. ‘సప్లయర్’ వడ్డించేవాడు, ‘హెల్పర్’ తరుగుడు పనివాడు, ‘మాస్టర్’ పొయ్యి పట్టినవాడు. హెల్పర్ మాస్టర్ కావడానికి కాలం పడుతుంది. ఈ పదక్రమమే వృత్తిలోని శిక్షణక్రమం.

4. పని పరిస్థితులు:

4.1 వేడి, పొగ, నీరు:
వేసవి సాయంత్రపు ఉక్కకు బర్నరు సెగ తోడవుతుంది. మిరప ఘాటు, నూనె పొగ నేరుగా ముఖానికి తగులుతాయి. అధిక వేడిమీద వేపుడువల్ల వెలువడే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే 2ఎ వర్గంలో చేర్చింది. గంటల తరబడి నిలబడడంవల్ల కాళ్ళు, బాణలి ఎగరవేయడంవల్ల మణికట్టు, భుజం నొప్పిపెడతాయి. చేయి కాలితే ఆ రోజుతోపాటు తర్వాతి రోజుల కూలి కూడా పోతుంది. నీటికి కటకటలాడే చోట తాగడానికి, చేతులు కడగడానికి, పాత్రలు తోమడానికి ఉన్న నీళ్ళనే సర్దుకోవాలి. పరిశుభ్రతకు అడ్డుపడేది చాలాసార్లు నీటి కొరతే.

4.2 పనివేళలు, కనిపించని శ్రమ:
బండి వెలిగేది సాయంత్రమే అయినా పని మధ్యాహ్నమే మొదలవుతుంది. సామాను తేవడం, తరగడం, అన్నం వార్చడం, రాత్రి పొద్దుపోయాక పాత్రలు కడగడం అన్నీ కలిస్తేనే ఒక పనిదినం. సొంత బండి అయితే ఇందులో చాలా భాగం ఇంటి ఆడవారిమీద పడుతుంది. దానికి కూలి లెక్క లేదు. ‘మాస్టర్’ అన్న పిలుపు కూడా వారివరకు రాదు.

4.3 చట్టాల పరిధి:
ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం (1988) ఉద్యోగి పనిని వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ధాబాలు, హోటళ్ళు, టీ దుకాణాల్లో పనికి పెట్టడం 2006 అక్టోబరు 10 నుంచి నిషిద్ధం. నియామకపత్రం, హాజరుపట్టీ లేని చోట ఈ రక్షణలను రుజువుచేసుకోవడం కష్టం.

సొంత బండి నడిపేవాడి సమస్య వేరు. వీధి విక్రేతల చట్టం (2014) పట్టణ విక్రయ కమిటీల చుట్టూ అల్లుకొన్నది. 2020లో మొదలైన ప్రధానమంత్రి స్వనిధి రుణపథకం కూడా ప్రధానంగా పట్టణాలను ఉద్దేశించినదే. పంచాయతీ ఊరిలో రహదారి పక్కన నిలిచిన బండికి ఈ రెండూ సాధారణంగా అందవు. గృహావసర సిలిండరును వ్యాపారానికి వాడరాదన్న నియమం మాత్రం పట్నానికీ పల్లెకూ ఒకటే. అంటే బాధ్యతలు ఊరిదాకా వచ్చాయి, రక్షణలు పట్టణంలోనే ఆగిపోయాయి.

5. గుర్తింపు ఎందుకు?
2019 వేతనాల కోడ్ కనీస వేతన నిర్ణయంలో కార్మికుని నైపుణ్యాన్ని ప్రధాన ప్రాతిపదికలలో ఒకటిగా పేర్కొంటుంది. భరించడానికి కష్టమైన ఉష్ణోగ్రత, తేమ వంటి పని కాఠిన్యాన్ని కూడా పరిగణించవచ్చునని చెబుతుంది. ఫాస్ట్‌ఫుడ్ వంటవాడికి ఈ రెండూ వర్తిస్తాయి. కానీ పట్టికలో అతని పని ‘ప్రాథమికం’ అయినప్పుడు నైపుణ్యపు వాదనకు బలం తగ్గుతుంది. ఇరవై ఏళ్ళు బాణలి పట్టినవాడు మరో ఊరికి వెళ్తే మళ్ళీ చేసి చూపించుకోవలసిందే. అతని చేతిలో ఉన్నది విద్యే అయినా దానికి కాగితం లేదు. కేంద్రప్రభుత్వ నైపుణ్య పథకాలలో ‘పూర్వాభ్యాసానికి గుర్తింపు’ అనే ఏర్పాటు ఉంది. పని చేయించి చూసి ధ్రువపత్రం ఇవ్వడం దాని పద్ధతి. అది మండల కేంద్రాలకు చేరితే ఇటువంటి వృత్తికారులకు ఉపయోగం.

6. ముగింపు:

1. ‘ఫాస్ట్‌ఫుడ్’ అనే పదం గొలుసు దుకాణపు యాంత్రిక శ్రమను, తెలుగు ఊళ్ళ బండి వంటను ఒకటిగా చూపుతోంది. బండి మాస్టర్ పని స్వభావాన్నిబట్టి ‘వంటవారు’ వర్గానికే దగ్గరైనది.

2. అన్నం ఆరబెట్టడం, మంట అదుపు, నూనె పరీక్ష, వంటక్రమం, జ్ఞాపకం – ఇవి చూసి, చేసి నేర్చుకొనే నైపుణ్యాలు. వీటిలో కొన్నింటిపైనే తినేవారి ఆరోగ్యం ఆధారపడి ఉంది.

3. వేడి, పొగ, నీటి కొరత, దీర్ఘమైన పనివేళలు కరవు సీమలో మరింత భారమవుతాయి. గ్రామీణ బండ్లు రక్షణ చట్టాల అంచున మిగిలిపోతున్నాయి.

4. ఈ వృత్తి పదజాలాన్ని, ముఖ్యంగా తెలుగు–కన్నడ సరిహద్దులో, సేకరించి నమోదు చేయడం తెలుగు పరిశోధకులు చేయదగిన పని. వ్యవసాయ, చేనేత పదకోశాలు ఆ వృత్తుల విద్యను అక్షరబద్ధం చేశాయి. ఫాస్ట్‌ఫుడ్ బండి పదాలకూ ఆ చోటు దక్కాలి. జనవ్యవహారం ‘మాస్టర్’ అని ఇచ్చిన గౌరవానికి ఆధారం చూపడం పరిశోధన వంతు.