సూఫీ గ్రంథాల భాష: అద్దం, దారి, గాజుపాత్ర

తసవ్వుఫ్ గ్రంథాలను చదివేవారు తరచుగా రెండు పొరపాట్లలో ఏదో ఒకదానికి లోనవుతుంటారు. కొందరు అందులోని మాటలను పైకి కనిపించే అర్థంలోనే తీసుకుంటారు. అలా తీసుకుని రచయితలను దోషులుగా నిలబెట్టేవారూ ఉన్నారు, అవే మాటలను సాకుగా చేసుకుని షరీఅత్ హద్దులు దాటేవారూ ఉన్నారు. మరికొందరు అదంతా కవుల అలంకారమేనని, దానిని తొలగించినా అర్థానికి లోటు రాదని తలుస్తారు. ఈ రెండు దృష్టులూ సరికావు. ఎందుకు సరికావో తెలుసుకోవడానికి నేటి భాషాశాస్త్రంలోని ఒక శాఖ కొంత తోడ్పడుతుంది.

భాషకూ మనిషి ఆలోచనకూ గల సంబంధాన్ని పరిశీలించే ఆ శాఖకు సంజ్ఞానాత్మక భాషాశాస్త్రమని పేరు. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే అమెరికన్ పండితులు 1980లో వెలువరించిన గ్రంథంతో ఇందులో రూపకానికి ప్రముఖ స్థానం లభించింది. కంటికి కనబడని, చేతికి అందని విషయాలను మనిషి తన శరీరానికి, నిత్యజీవితానికి తెలిసిన వస్తువుల ద్వారానే ఆలోచిస్తాడని వారి వాదం. తెలుగువారి నిత్య వ్యవహారమే ఇందుకు సాక్ష్యం. పాఠం ఒంటబట్టలేదంటాము. విషయం కొరుకుడు పడలేదంటాము. కష్టాల నుండి గట్టెక్కాడంటాము. ఈ మాటలు పలికేవారెవరూ తాము కవిత్వం చెబుతున్నామనుకోరు. అరబ్బీ పండితులకు కూడా రూపక పరిశీలన కొత్త కాదు. 11వ శతాబ్దంలోనే అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ తన 'అస్రారుల్ బలాగా'లో ఇస్తిఆరాను, అనగా రూపకాన్ని, ఎంతో సూక్ష్మంగా చర్చించారు.

రూపకంలో కొన్ని అంశాలు మాత్రమే ఒక విషయం నుండి మరొక విషయానికి చేరుతాయి. ఫలానావాడు దారి తప్పాడంటే నడత చెడిందని గ్రహిస్తాము గాని, ఎన్ని మైళ్ళు నడిచాడని అడగము. సూఫీ గ్రంథాలు చదివేటప్పుడు కావలసింది కూడా ఈ వివేచనే.

హృదయాన్ని అద్దంతో పోల్చడం అందరూ ఎరిగినదే. కాని నేటి పాఠకుడు అద్దమనగానే గాజును తలుస్తాడు. గాజుకు తుప్పు పట్టదు. ఆనాటి అద్దాలు మెరుగుపెట్టిన లోహపు పలకలు. దివ్యఖుర్ఆన్ ముతఫ్ఫిఫీన్ సూరా 14వ ఆయతులో, చేసిన పనులు హృదయాలకు తుప్పులా పట్టాయన్న భావం ఉంది. లోహపు అద్దాన్ని తలచుకుంటేనే జిక్ర్‌ను మెరుగుపెట్టడంతో ఎందుకు పోల్చారో బోధపడుతుంది.

ఇమామ్ గజాలీ (1058–1111) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో ఈ అద్దాన్ని ఆధారంగా చేసుకునే తర్కించారు. అద్దంలో ప్రతిబింబం కనబడకపోవడానికి ఐదు కారణాలు చెప్పారు. ఇనుము ఇంకా అద్దంగా తయారు కాకపోవడం మొదటిది. పసివాని హృదయం అటువంటిది. తుప్పు పట్టడం రెండవది. అది పాపాల వల్ల కలుగుతుంది. అద్దం మరోవైపు తిరిగి ఉండటం మూడవది. భక్తిపరుడై ఉండి కూడా మనసును సత్యాన్వేషణ వైపు మళ్ళించనివాని స్థితి ఇదే. మధ్యలో తెర ఉండటం నాలుగవది. విచారణ లేకుండా చిన్ననాటి నుండి పట్టుకున్న అభిప్రాయాలే ఆ తెర. వస్తువు ఏ దిక్కున ఉన్నదో తెలియకపోవడం ఐదవది. తన మెడ వెనుక భాగం చూసుకోదలచినవానికి రెండు అద్దాలు కావాలి, వాటిని ఏ కోణంలో పట్టాలో కూడా తెలియాలి. తెలిసిన రెండు విషయాలను తగినట్లు జతపరచి మూడవదానిని తెలుసుకోవడం కూడా అటువంటిదే. ఈ వివరణ నుండి అద్దాన్ని తీసివేస్తే వాదమే మిగలదు. దీనిని కేవలం అలంకారమనడం ఎలా కుదురుతుంది?

రూపకాలు మనుషుల చేతిలో ఉన్న వస్తువుల నుండే పుడతాయి. దక్కనులో బీజాపూర్ సూఫీ సంప్రదాయంలో దక్కనీ భాషలో వెలసిన చక్కీనామాలు, చర్ఖానామాలు ఇందుకు నిదర్శనం. తిరగలి విసిరే, రాట్నం వడికే స్త్రీలకు ఆ పనిముట్ల ద్వారానే దైవస్మరణ నేర్పిన పాటలివి.

అయితే ఏ రూపకమూ ఒంటరిగా సంపూర్ణం కాదు. దైవసామీప్యాన్ని ప్రయాణంగా చెప్పడం సూఫీలలో అత్యంత ప్రసిద్ధం. తరీఖా అంటే దారి, సాలిక్ అంటే బాటసారి. హెరాత్‌కు చెందిన ఖాజా అబ్దుల్లాహ్ అన్సారీ (మరణం 1089) తమ 'మనాజిలుస్సాయిరీన్'లో ఈ దారిని నూరు మజిలీలుగా విభజించారు. దారి అనగానే దూరం స్ఫురిస్తుంది. కాని ఖాఫ్ సూరా 16వ ఆయతు అల్లాహ్ మనిషికి అతని కంఠనాళం కంటే కూడా చేరువలో ఉన్నాడని తెలుపుతున్నది. కనుక ఇక్కడ దారి నుండి గ్రహించవలసింది క్రమమూ శ్రమే గాని స్థలదూరం కాదు.

ఈ వివేచన లోపిస్తే ఎంత ప్రమాదమో 'అనల్ హఖ్' అన్న మాట చుట్టూ జరిగిన వివాదం చూపుతుంది. ఆ మాటతో ముడిపడిన హుసైన్ బిన్ మన్సూర్ హల్లాజ్‌కు 922లో బాగ్దాదులో మరణదండన విధించారు. అందులో ఆనాటి రాజకీయాల పాత్ర కూడా ఉన్నది. తరువాత గజాలీ 'మిష్కాతుల్ అన్వార్'లో ఇటువంటి పలుకులను విచారించారు. అద్దమంటే ఎరుగనివాడు అందులోని రూపాన్ని అద్దం రూపమేననుకుంటాడు. పారదర్శకమైన గాజుపాత్రలోని మధువును చూసినవాడు అది గాజు రంగేననుకుంటాడు. మధువే పాత్ర అనడం వేరు, మధువు పాత్ర అయినట్లున్నదనడం వేరు అని ఆయన తేల్చారు. తన్మయావస్థలో వెలువడిన పలుకులను ప్రచారం చేయరాదని కూడా హెచ్చరించారు. దాసుడు దాసుడే, ప్రభువు ప్రభువే. ఇక్కడ తౌహీద్‌ను కాపాడుతున్నది 'అయినట్లు' అన్న ఒక్క మాట.

ఇక ఈ శాస్త్రానికి గల పరిమితి కూడా గుర్తుంచుకోవాలి. ఒక మాట ఎలా అర్థమవుతుందో అది చెప్పగలదు. ఆ మాట వెనుక ఉన్న అనుభవం సత్యమో కాదో చెప్పలేదు. దానికి గీటురాయి ఖుర్ఆన్, సున్నత్‌లే. గజాలీ తమ 'అల్ మున్ఖిజ్'లో ఈ తేడాను జౌఖ్, అనగా రుచి, అన్న మాటతో వివరించారు. జబ్బుపడిన వైద్యునికి ఆరోగ్యం నిర్వచనం తెలుసు, కారణాలు తెలుసు, మందులు తెలుసు. ఆరోగ్యం మాత్రం లేదు. సూఫీల భాషను ఎంత నిపుణంగా విశ్లేషించినవాడైనా ఆ వైద్యుని స్థానంలోనే ఉంటాడు. అయినా వైద్యుని జ్ఞానం నిరుపయోగం కాదు. మందును విషమనుకుని పారవేయకుండా, విషాన్ని మందనుకుని మింగకుండా అది కాపాడుతుంది.