చిన్నప్రేవులోకి ఎండోస్కోపీ ద్వారా ఆహారనాళిక: విధానాలు, ఉత్తర తెలంగాణలో సంరక్షణ

వ్యాససంగ్రహం: నోటితో భోజనం చేయలేని రోగికి ఎండోస్కోపీ సాయంతో చిన్నప్రేవులోకి ఆహారనాళికను చేర్చే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. నాళిక ఫలితం చాలావరకు ఇంటివద్ద జరిగే సంరక్షణపై ఆధారపడుతుందని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నేపథ్యంలో ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎండోస్కోపీ, ఆహారనాళిక, జెజునం, పోషణ, ఉత్తర తెలంగాణ.

1. ఉపోద్ఘాతం:
మరుగుదొడ్లు శుభ్రపరిచే యాసిడ్ తాగినవారికి అన్నవాహిక, జఠరం కాలి పుండ్లు పడతాయి. అవి మానే క్రమంలో కొన్ని వారాలకు అన్నవాహిక ఇరుకు కావచ్చు. తీవ్రమైన క్లోమశోథలో కొందరికి జఠరం ఖాళీ కాక వాంతులవుతాయి. ఇటువంటి సందర్భాలలోనూ చిన్నప్రేవు తరచుగా పనిచేస్తూనే ఉంటుంది. పనిచేసే ప్రేవును వాడుకోవాలన్నది పోషణశాస్త్రంలో మూలసూత్రం. ఆహారం అందకపోతే ప్రేవు లోపలిపొర క్షీణిస్తుంది. రక్తనాళం ద్వారా పోషకాలు ఎక్కిస్తే ఖర్చు, ఇన్ఫెక్షన్ ప్రమాదం రెండూ పెరుగుతాయి.

2. ముక్కుద్వారా నాళిక:
జఠరం చివరనున్న ద్వారాన్ని దాటించి, ఆంత్రమూలం వంపుల గుండా జెజునం వరకు నాళికను చేర్చడం ఇందులో ప్రధానమైన పని. ఒక పద్ధతిలో నాళిక కొనకు దారపు ముడి వేసి, ఎండోస్కోప్ గుండా పంపిన చిమటాతో పట్టుకొని ముందుకు తీసుకువెళతారు. మరొక పద్ధతిలో ముందుగా సన్నని తీగను జెజునంలో ఉంచి, దానిమీదుగా నాళికను జార్చుతారు. ఎండోస్కోప్‌ను వెనక్కి తీసేటప్పుడు నాళిక కూడా దానితోపాటు జఠరంలోకి జారిరావడం ఇందులోని ప్రధాన లోపం. కొన్నిచోట్ల కొనదారాన్ని ప్రేవుగోడకు చిన్న క్లిప్‌తో బిగించి దీనిని నివారిస్తారు. ఎక్స్‌రేతో స్థానాన్ని నిర్ధారించుకున్న తర్వాతే ఆహారం ప్రారంభించాలి. అన్నవాహిక బాగా మూసుకుపోయి ఎండోస్కోప్ దిగని స్థితిలో శస్త్రచికిత్సతో జెజునంలో నాళికను అమర్చుతారు.

3. పొట్టగోడ ద్వారా నాళిక:
నాలుగు నుండి ఆరు వారాలకు మించి అవసరమైతే పొట్టగోడ మార్గం మేలు. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడరర్, పాన్‌స్కీలు ఎండోస్కోపీతో పొట్టగోడ ద్వారా జఠరంలోకి నాళికను అమర్చారు; 1980లో ఆ పద్ధతిని ప్రచురించారు. ఆ నాళికలోంచే సన్నని గొట్టాన్ని జెజునం వరకు పంపవచ్చు. నేరుగా జెజునంలోకే అమర్చే పద్ధతిని 1987లో షైక్ బృందం జఠరం తొలగించిన క్యాన్సర్ రోగులలో వివరించింది.

4. ఇంటివద్ద సంరక్షణ:
జఠరంలా ఆహారాన్ని నిలవచేసుకునే శక్తి జెజునానికి లేదు. ఒక్కసారిగా గ్లాసెడు జావ పోస్తే కడుపునొప్పి, విరేచనాలు కలుగుతాయి. అందుకే చుక్కచుక్కగా, గంటల తరబడి ఇవ్వాలి. జఠరంలోని ఆమ్లం సూక్ష్మజీవులను చంపే అవకాశం ఇక్కడ లేదు కనుక కాచి చల్లార్చిన నీరు, తాజా ఆహారం తప్పనిసరి. చిక్కని జావ, సరిగా నలగని మాత్రలు సన్నని నాళికను పూడ్చివేస్తాయి. ప్రతిసారి ఆహారానికి ముందు, తర్వాత నీటితో కడగాలి.

ఈ నియమాల విలువ దూరాన్నిబట్టి తెలుస్తుంది. హైదరాబాదుకు కరీంనగర్ సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. రాజధానిలో అమర్చిన నాళిక ఊరిలో పూడుకుపోతే, కూలి మానుకొని మళ్లీ అంతదూరం వెళ్లవలసి వస్తుంది. అంతవరకు రోగికి ఆహారం ఉండదు. ఆదిలాబాద్ ప్రాంతంలో గోండి, కొలామి, మరాఠీ మాతృభాషలుగా గల కుటుంబాలున్నాయి. అక్కడ తెలుగులోనో ఇంగ్లీషులోనో అచ్చువేసిన కాగితం ఒక్కటే చాలదు. సంరక్షకులచేత ఆసుపత్రిలోనే పలుమార్లు చేయించి చూడటం అవసరం.

5. ముగింపు:
• ప్రేవు పనిచేస్తున్నప్పుడు రక్తనాళ పోషణకంటే నాళికా పోషణ మేలు.
• అవసరమైన కాలాన్నిబట్టి ముక్కు మార్గమో పొట్టగోడ మార్గమో నిర్ణయించాలి.
• 2008లో ఏర్పడిన ఆదిలాబాద్ రిమ్స్ వంటి జిల్లా వైద్య సంస్థలలో నాళికను పరీక్షించి, పూడిక తొలగించి, జారితే మార్చగల నైపుణ్యం ఉంటే రోగికి సుదీర్ఘ ప్రయాణం, ఉపవాసం తప్పుతాయి.
• ఇంటివారి భాషలో ఇచ్చే శిక్షణను ఈ చికిత్సలో భాగంగానే పరిగణించాలి.