బీరు గుట్టు... తైదల మూటలో!

సీసాలోని లాగర్ బీరుకీ, పొద్దున్నే పిల్లలకు పట్టే రాగి మాల్ట్‌కీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? నమ్మాల్సిందే. రెండింటి పుట్టిల్లూ ఒక్కటే... మొలక!

అమెరికాలో 1978లో వచ్చిన చట్టం తర్వాత ఇంట్లో బీరు కాచుకోవడం చాలామందికి సరదాగా మారింది. ఆ పని ఇక్కడ చేస్తే నేరం. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయకూడదని 1968 నాటి ఎక్సైజ్ చట్టం చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఓరుగల్లు ఎండలు లాగర్‌ని సాగనివ్వవు. ఎందుకో తెలియాలంటే దాని తయారీ చూడాలి.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పగలగొట్టి, 65-68 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచుతారు. గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీళ్లను వడగట్టి, చేదు కోసం హాప్స్ పూలు వేసి మరిగిస్తారు. చల్లారాక ఈస్ట్ కలుపుతారు. 10-12 డిగ్రీల్లో పులిసి, ఆనక సున్నాకు దగ్గరగా ఉండే చలిలో కొన్ని వారాలు మాగితేనే అది లాగర్. జర్మన్ భాషలో ఆ మాటకి అర్థమే ‘నిల్వ’. మే నెలలో 40 డిగ్రీలు దాటే చోట ఫ్రిజ్ లేకుండా అయ్యే పని కాదది.

గింజలో ఏం జరుగుతుంది?

తాటిచెట్టు కల్లుకి కావాల్సిన చక్కెరను తానే ఇస్తుంది. ధాన్యం అలా కాదు. దాని ఆస్తంతా పిండిపదార్థమే. తడి తగలగానే గింజ నిద్రలేచి, మొక్కకు తిండి పెట్టడానికి ఎమైలేజ్ లాంటి ఎంజైములను తయారు చేసుకుంటుంది. ఇవి కత్తెరల్లా పిండిని చక్కెరలుగా తుంచుతాయి. సరిగ్గా అప్పుడే మొలకను ఎండబెట్టి ఆపేస్తే... అదే మాల్ట్!

మన చిరుధాన్యాల్లో ఈ పనికి బాగా ఒదిగేవి తైదలు, అంటే రాగులు. 100 గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండటం అదనపు లాభం. అయితే మనం చాలాసార్లు మామూలు రాగిపిండి జావనే మాల్ట్ అనేస్తుంటాం. మొలకెత్తించనిది మాల్ట్ కాదు.

ఇలా చేసుకోవచ్చు

తైదలను రాళ్లు లేకుండా కడిగి, రాత్రంతా నానబెట్టాలి. నీళ్లు వంపేసి పలుచని నూలుబట్టలో మూట కట్టాలి. ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తూ ఒకటి రెండు రోజులు ఉంచితే తెల్లని మొలకలు వస్తాయి. బూజు వాసన వస్తే మొత్తం పారేయడమే మేలు. మొలకలను ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి, అరచేతులతో నలిపి, చాటలో చెరిగితే వేర్లు రాలిపోతాయి. సన్నని సెగమీద కాస్త వేయించి గిర్నీలో పట్టించాలి. మాడేలా వేయిస్తే ఎంజైములు చచ్చిపోతాయి.

జొన్న మొలకల్లో సైనైడ్‌ని విడుదల చేసే పదార్థం ఉంటుంది. అందుకే ఇంట్లో మాల్ట్‌కి తైదలే నయం.

పసివాళ్ల గిన్నెలో...

ఆరు నెలలు దాటిన బిడ్డ పొట్ట చిన్నది. జావ చిక్కగా ఉంటే మింగలేదు. మింగుతుంది కదా అని నీళ్లు పోసి పలుచన చేస్తే, పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది. బరువు పెరగదు. ఈ చిక్కుముడిని మాల్ట్‌తో విప్పవచ్చని బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం 1980ల్లో చేసిన పరిశోధనలు చాటాయి.

చేయాల్సింది తేలికే. బియ్యప్పిండి జావను చిక్కగా ఉడికించి దించాలి. పొగలు కక్కడం తగ్గి, ఇంకా బాగా వేడిగా ఉన్నప్పుడే టీ చెంచాడు మాల్ట్ పిండి వేసి కలపాలి. కళపెళ మరిగే జావలో వేస్తే ఎంజైములు పనిచేయవు. కొద్ది నిమిషాల్లో గరిటెకు అంటుకున్న జావ జారుగా మారుతుంది. మళ్లీ ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చగా చల్లార్చి తాగించాలి. గిన్నెలో పిండి తగ్గలేదు, నీళ్లూ పెరగలేదు. బిడ్డ మాత్రం సులువుగా మింగుతుంది.

కొన్న డబ్బాలో ఉన్నది అసలైన మాల్టేనా అని తేల్చుకోవడానికీ ఇదే పరీక్ష. చెంచాడు కలిపినా జావ జారుగా మారలేదంటే, అందులో పనిచేసే ఎంజైములు లేనట్టే!