ఎడమ చేతి కింద కాలం

1970లలో అమెరికా పిల్లలు చూసిన ‘ది ఎలక్ట్రిక్ కంపెనీ’ టీవీ కార్యక్రమంలో అక్షరాలు సాగేవి, ముడుచుకునేవి, మెలికలు తిరుగుతూ ముందుకు దూసుకొచ్చేవి. వాటిని ఆడించింది స్కానిమేట్ అనే యంత్రం. డెన్వర్‌లో లీ హారిసన్ అనే ఇంజనీరు పెట్టిన కంప్యూటర్ ఇమేజ్ కార్పొరేషన్ దాన్ని తయారుచేసింది. సంస్థ పేరులో కంప్యూటర్ ఉంది గానీ, యంత్రం లోపల అంకెల లెక్కలేమీ లేవు. నల్లటి ఫిల్ము మీద తెల్లటి అక్షరాలు, వెనక దీపం, ముందు కెమెరా. ఆ కెమెరా పట్టిన బొమ్మ ఒక పిక్చర్ ట్యూబు మీద పడుతుంటే, ట్యూబులోని కిరణాన్ని వంచే వోల్టేజీలను మార్చి అక్షరాన్ని సాగదీసేవారు. ట్యూబు మీద ఆడుతున్న బొమ్మను ఇంకో కెమెరా పట్టేది. బూడిద రంగు ఛాయలకు తలా ఒక రంగు అద్ది టేపుకెక్కించేవారు.

ఎదురుగా నాబ్‌ల బారులు, తీగలు గుచ్చే రంధ్రాల ప్యానెల్. అక్షరం ఊగాలంటే, ఊపే సంకేతం పుట్టే రంధ్రంలోంచి తీగ తీసి అక్షరం వెడల్పును నడిపే రంధ్రంలో గుచ్చాలి. మొదట ఎలా ఉండాలో కొన్ని నాబ్‌లతో, చివరికి ఎలా మారాలో మరికొన్నిటితో సరిచేస్తే, మధ్యలోదంతా యంత్రమే నడిపేది. అదీ అప్పటికప్పుడు, పని ఇచ్చిన మనిషి వెనక కూర్చుని చూస్తుండగానే! ఆ చురుకుదనం తర్వాత వచ్చిన డిజిటల్ యంత్రాలకు చాలా ఏళ్లపాటు అందలేదు. అయితే సేవ్ చేసుకునే వీలు లేదు. తీగలు పీకేశాక నిన్నటి మెలికను మళ్లీ అచ్చం అలాగే తెప్పించడం మహా కష్టం. నాబ్‌లన్నీ కళ్లెదుటే ఉన్నా, మూడో సెకనులో ఏం జరగబోతోందో ఆ గదిలో ఎక్కడా కనిపించదు.

కదలికను పుట్టించే ఉపాయాలు ఇంజనీర్లకు త్వరగానే దొరికాయి. ఆ కదలికలో తామెక్కడున్నారో పనిచేసేవాళ్లకు తెలిసేలా చేయడానికే ఎక్కువ కాలం పట్టింది.

దారి చూపినవాళ్లలో కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌కు చెందిన నెస్టర్ బర్ట్నిక్, మార్సెలి వెయిన్ ముఖ్యులు. కార్టూన్ సినిమాల్లో సీనియర్ చిత్రకారుడు ముఖ్యమైన భంగిమలు (కీఫ్రేమ్‌లు) గీసి ఇస్తే, నడుమ బొమ్మలన్నీ సహాయకులు గీసేవారు. ఆ సహాయకుల పనిని కంప్యూటర్‌కు అప్పగించారు ఈ ఇద్దరూ. వాళ్ల పద్ధతిలో పీటర్ ఫోల్డెస్ తీసిన ‘హంగర్’ 1974లో వచ్చి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. కీఫ్రేమ్‌కు కంప్యూటర్‌లో చోటు అలా దొరికింది. ఇక దాన్ని తెరమీద చూపేదెలా అన్నది మిగిలింది.

1981లో ఇంగ్లండ్ సంస్థ క్వాంటెల్ తెచ్చిన పెయింట్‌బాక్స్ కదలికల యంత్రం కాదు, టీవీ స్టేషన్ల కోసం తయారైన బొమ్మల యంత్రం. కానీ అందులో ఒక చిన్న తెలివిని నేనెప్పుడూ మెచ్చుకుంటాను. మెనూ తెరమీద శాశ్వతంగా తిష్ఠ వేసుకుని ఉండదు. బొమ్మ గీసే కలాన్ని ఎలక్ట్రానిక్ పలక అంచు దాటిస్తే పైకి వస్తుంది, పనయ్యాక తప్పుకుంటుంది. బొమ్మకు తెరంతా వదిలేయాలన్న మర్యాద అది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు తెర నాలుగు పక్కలా ప్యానెళ్లు పేర్చి, మధ్యలో మిగిలిన కాస్త చోటులో బొమ్మను ఇరికిస్తుంటే ఆ మర్యాద గుర్తుకు రాక మానదు. అయితే పెయింట్‌బాక్స్ ధర లక్షల డాలర్లలో ఉండేది. పెద్ద స్టేషన్లు, స్టూడియోలు తప్ప మరెవరూ దాన్ని కొనగలిగేవారు కాదు.

బొమ్మలను కదిలించే పని మామూలు బల్లమీదికి దిగింది 1993 జనవరిలో. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో, బ్రౌన్ యూనివర్సిటీలో చదివిన కొందరు కుర్రాళ్లు కంపెనీ ఆఫ్ సైన్స్ అండ్ ఆర్ట్ అనే సంస్థ పెట్టుకున్నారు. పొట్టిగా కోసా. 1993కు కొద్దికాలం ముందే ఆపిల్ క్విక్‌టైమ్ తెచ్చి, మ్యాక్ కంప్యూటర్‌లో వీడియో ఆడేలా చేసింది. కోసా కుర్రాళ్లు ఆ అవకాశాన్ని పట్టుకుని ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అదే ఏడాది ఆల్డస్ కోసాను కొంది, మరుసటి ఏడు ఆల్డస్‌ను అడోబి కలిపేసుకుంది. 2019లో డేవిడ్ సైమన్స్, డేనియల్ విల్క్, డేవిడ్ కాటర్‌తో పాటు మరో ఇద్దరికి ఈ సాఫ్ట్‌వేర్ రూపకల్పనకు గాను ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది.

స్కానిమేట్ గదిలో లేనిది ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఉంది. తెర కింది భాగంలో బొమ్మలోని ఒక్కో పొరకు, అంటే లేయరుకు, ఒక్కో అడ్డపట్టీ, పైన సెకన్ల కొలబద్ద, పట్టీల మీద కీఫ్రేమ్‌ల గుర్తులు. అంటే కాలాన్ని ఎడమనుంచి కుడికి పరిచేశారు. మొదటి రోజుల్లో ఆ కిటికీని టైమ్ లేఅవుట్ అనేవారు, తర్వాత టైమ్‌లైన్ అయింది. 2006లో వచ్చిన 7.0 వెర్షన్ దాకా ఈ కిటికీలు విడివిడిగా తేలుతూ ఒకదాని మీద ఒకటి పడేవి. ఆ వెర్షన్‌లో అన్నీ ఒకే చట్రంలో అమరాయి. నచ్చిన అమరికను వర్క్‌స్పేస్‌గా దాచుకోవచ్చు, మౌస్ ఉన్న ప్యానెల్‌ను ఒక్క కీతో తెర నిండా పరచవచ్చు. ఆ కీ ఎస్కేప్ కింద ఉండే బ్యాక్‌టిక్ (`) గుర్తుది. ల్యాప్‌టాప్ చిన్న తెరమీద పనిచేసేవాళ్లకు ఇంతకంటే అక్కరకొచ్చే కీ ఇంకోటి లేదంటాను.

కాలాన్ని పరిచాక కొత్త చిక్కు వచ్చింది. అది తెరకన్నా పొడవు.

సినిమా పాట లిరికల్ వీడియో తీసుకుందాం. హైదరాబాద్‌లో ఏ చిన్న ఎడిటింగ్ సూట్‌లోనైనా దొరికే పనే ఇది. పాట నాలుగు నిమిషాలు, సెకనుకు 24 ఫ్రేములు. మొత్తం 5,760 ఫ్రేములు. టైమ్‌లైన్‌కు తెరమీద అడ్డంగా 1,200 పిక్సెళ్లు దక్కాయనుకుంటే, ఒక్కో పిక్సెల్ కింద దాదాపు ఐదు ఫ్రేములు నలుగుతుంటాయి. అంటే కావలసిన ఫ్రేము మీద మౌస్ పెట్టడం చేతి నేర్పుకు సంబంధించిన విషయమే కాదు, లెక్క ప్రకారమే అసాధ్యం. జూమ్ చేస్తే ఫ్రేము దొరుకుతుంది, పాట మొత్తం మీద చూపు పోతుంది. సెమికోలన్ కీ ఒకసారి నొక్కితే ఒక్కో ఫ్రేమూ విడిగా కనిపించేంత దగ్గరికి తీసుకెళ్లి, మళ్లీ నొక్కితే మొత్తాన్ని చూపిస్తుంది. ఆల్ట్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే ఈ రెంటి నడుమ ఎక్కడైనా ఆగవచ్చు.

అనుభవమున్న పనివాళ్లు మాత్రం జూమ్ జోలికి అంతగా పోరు. పాటను ఆడిస్తూ, పల్లవిలో ప్రతి మాట పడిన చోటా అంకెల ప్యాడ్‌లోని నక్షత్రం కీ తడతారు. తాళం వేసినట్టే. టైమ్‌లైన్ మీద వరసగా మార్కర్లు పడతాయి. ఆ తర్వాత జె నొక్కితే వెనకటి గుర్తుకు, కె నొక్కితే ముందరి గుర్తుకు సూటిగా గెంతవచ్చు. 5,760 ఫ్రేముల పాట కాస్తా కొద్ది డజన్ల మజిలీలుగా మారుతుంది. అంకెల ప్యాడ్ లేని ల్యాప్‌టాప్‌లు కొన్నవాళ్లు ఇక్కడే తిట్టుకుంటారు.

జె, కె కీలకు ఒక షరతుంది. అవి టైమ్‌లైన్‌లో కళ్లకు కనిపిస్తున్న గుర్తుల దగ్గరే ఆగుతాయి. మూసి ఉన్న లేయరులో వంద కీఫ్రేమ్‌లున్నా వాటిని పట్టించుకోవు. మొదట్లో ఇది లోపంలా తోస్తుంది, నిజానికి కిటుకంతా ఇందులోనే ఉంది. ముందు లేయరును ఎంచుకుని యు నొక్కాలి. కీఫ్రేమ్‌లున్న గుణాలు మాత్రమే తెరుచుకుని, మిగతావి మూతబడే ఉంటాయి. ఇక జె, కె వాటి మీదే నడుస్తాయి. వేరేవాళ్లు చేసిన ఫైలు చేతికొస్తే యు రెండుసార్లు గబగబా నొక్కాలి. అవతలి మనిషి ముట్టుకున్న ప్రతి గుణమూ, కీఫ్రేమ్ ఉన్నా లేకున్నా, బయటపడుతుంది. పని మధ్యలో వదిలి వెళ్లిన వాళ్ల చిట్కాలు తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. షై అనే చిన్న మీట కూడా ఈ కోవలోదే. గోడ వెనకనుంచి తొంగిచూసే ముఖం దాని బొమ్మ. దాన్ని నొక్కిన లేయర్లు, టైమ్‌లైన్ పైనున్న ఇంకో షై మీట కూడా వేయగానే టైమ్‌లైన్‌లోంచి తప్పుకుంటాయి, బొమ్మలో మాత్రం ఉంటాయి.

పి నొక్కితే పొజిషన్, ఎస్ నొక్కితే స్కేల్, ఆర్ నొక్కితే రొటేషన్. ఓ అప్పటికే లేయరు చివరికి తీసుకెళ్లే పనిలో ఉంది కాబట్టి అపాసిటీకి టి దక్కింది. ఇవన్నీ వేళ్ల వేగం కోసమని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూస్తే అందులో సగమే నిజం.

ఆ లెక్క 1980లో స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరాన్, అలెన్ న్యూవెల్ అచ్చువేశారు. కంప్యూటర్ ముందు మనిషి చేసే పనిని చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కోదానికి కాలం కట్టారు. చేయి తిరిగినవాళ్లకు ఒక కీ నొక్కడానికి సుమారు 0.2 సెకను. మౌస్‌తో ఒక గుర్తును చేరడానికి 1.1. చేతిని కీబోర్డునుంచి మౌస్‌కు మార్చడానికి 0.4. తర్వాత ఏం చేయాలో మనసు సిద్ధం కావడానికి 1.35. పొజిషన్‌ను మౌస్‌తో తెరవాలంటే రెండు చిన్న బాణాలను వెతికి నొక్కాలి. రెండుసార్లు 1.1, రెండుసార్లు 0.2, కలిపి 2.6 సెకన్లు. పి అయితే 0.2. తేడా గట్టిదే. కానీ జాబితాలో పెద్ద అంకె ఆ 1.35. బాణాలు తెరిచిన కొద్దీ టైమ్‌లైన్ కిందికి సాగుతుంది, వెతకవలసిన వరసలు పెరుగుతాయి, ప్రతి వెతుకులాటలోనూ ఆ 1.35 మళ్లీ చెల్లించాలి. యు కీ ఆదా చేసేది దాన్ని. అందుకే షార్ట్‌కట్ల పట్టిక మొత్తం గోడకు అంటించుకున్నవాళ్లకన్నా, డజను కీలు ఆలోచించకుండా నొక్కగలవాళ్లు పని ముందు ముగిస్తారు. పట్టిక వైపు తల తిప్పినప్పుడల్లా ఆదా అయిన కాలం కాస్తా హరించుకుపోతుంది.

కుడిచేయి మౌస్ మీద, ఎడమచేయి కీల మీద ఉంచి కూర్చునే ఈ భంగిమ కూడా కొత్తది కాదు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను లోకానికి చూపించినప్పుడు, ఆయన ఎడమచేతి కింద ఐదు మీటల చిన్న పరికరం ఒకటుంది. కుడిచేతితో చోటు చూపడం, ఎడమచేతితో ఆజ్ఞ ఇవ్వడం ఆయన ఉద్దేశం. మౌస్ ఇంటింటికీ వచ్చింది, ఐదు మీటలు మరుగున పడ్డాయి. మోషన్ గ్రాఫిక్స్ చేసేవాళ్ల బల్ల దగ్గర మాత్రం ఆ రెండు చేతుల పద్ధతి కీబోర్డు మీద బతికే ఉంది. స్పేస్ బార్ నొక్కిపట్టి మౌస్‌తో బొమ్మను జరుపుతున్న మనిషిని చూస్తే తెలుస్తుంది.

తెలుగులో పనిచేసేవాళ్లకు ఇంకో మెలిక ఎదురైంది. యూనికోడ్ తెలుగును పాత వెర్షన్లు సరిగా చూపలేక వత్తులు చెదరగొట్టేవి. అందుకని మనవాళ్లు చాలాకాలం అను ఫాంట్లతో నెట్టుకొచ్చారు. వాటిలో వత్తుకు ఒక సంకేతం, అసలు అక్షరానికి ఇంకొకటి. అక్షరం అక్షరంగా వచ్చి వాలాలని యానిమేషన్ పెడితే, అమ్మలో మొదటి మ ముందు దిగి, మకారవత్తు ఒక్కటే వెనకాల ఎగురుకుంటూ వచ్చేది. మాట మాటగా కదిలించమని సెట్టింగ్ మార్చుకోవడమో, ఒక్కో మాటను ఒక్కో లేయరు చేయడమో విరుగుడు. రెండో దారిలో పోతే చరణానికి ముప్ఫై లేయర్లు తేలిగ్గా అవుతాయి. యు, షై ఎవరి కోసం పుట్టాయో అప్పుడు అర్థమవుతుంది.

అన్ని లేయర్లయ్యాక వాటిని మూటగట్టి ఇంకో కంప్‌లో (కంపోజిషన్, అంటే లేయర్ల మూట) పెట్టక తప్పదు. అక్కడ టైమ్‌లైన్ ఓడిపోతుంది. ఎడమ కుడి అంటే కాలం, పైన కింద అంటే లేయర్లు. కంప్ లోపలి కంప్‌ను చూపడానికి మూడో దిక్కు తెరమీద లేదు. పాట కంప్‌లో చరణం, చరణంలో పాదం, పాదంలో మాట దాక్కుంటే, కింది అంతస్తులోని కీఫ్రేమ్‌లు పై అంతస్తులో అసలు కనిపించవు, జె, కె కీలకు అందవు. 2008లో సీఎస్4 వెర్షన్‌తో చిన్న ఫ్లోచార్ట్ ఒకటి తెచ్చారు. ఇప్పుడు ట్యాబ్ నొక్కితే ఏ కంప్ దేనిలో ఉందో గీతలతో చూపించి, కావలసిన దానిలోకి దిగనిస్తుంది. దిగాక మాత్రం పైది కళ్లెదుట ఉండదు. రెండూ ఒకేసారి చూడాలంటే రెండో బొమ్మ కిటికీ తెరిచి, పై కంప్‌ను దానిలో తాళం వేసి ఉంచుకోవాలి. తెరలో సగం దానికే పోతుంది.