పదిహేడు తులాల వెండి, ఒక మట్టికుండ

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బైబిల్ వచనం రాసిన వాగ్దాన కార్డు తీసుకుంటాం. ఇంటికొచ్చి బైబిల్లో దాచుకుంటాం. మార్చి నాటికి ఆ మాటకీ మన బతుక్కీ పొంతన కనపడకపోతే ఏం చేయాలి? అలాంటప్పుడు నేను యిర్మీయా 32వ అధ్యాయం తెరుస్తాను. వాగ్దానం కోసం ఎదురుచూసిన అబ్రాహాము, శారాల కథ అందరికీ తెలుసు. ఈ అధ్యాయంలో యిర్మీయా ప్రవక్త పొలం కొన్న సంగతిని మాత్రం చాలామంది చదువుతూ దాటిపోతారు.

అది క్రీ.పూ. 587 ప్రాంతం. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. లోపల కరువు, తెగులు. నగరం శత్రువు చేతికి పోతుందని చెప్పినందుకు సిద్కియా రాజు యిర్మీయాను చెరసాల ప్రాంగణంలో బంధించాడు. అక్కడికి పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న తన పొలం కొనమన్నాడు. వంశం భూమి పరాయివాళ్ల పాలు కాకుండా దగ్గరి బంధువు విడిపించాలన్నది ధర్మశాస్త్రం. అనాతోతు యెరూషలేముకు ఐదు కిలోమీటర్ల దూరం, యిర్మీయా సొంత ఊరు. ఒకప్పుడు ఆ ఊరివాళ్లే ఆయన ప్రాణం తీయబోయారు. పైగా గోడ దాటితే శత్రువే. అలాంటి భూమికి ఎవరైనా పైసా పెడతారా?

అయినా ఇది దేవుని మాటేనని గ్రహించి యిర్మీయా పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. అంటే సుమారు 200 గ్రాములు. దస్తావేజు రాసి, ముద్ర వేసి, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ప్రతులు రెండు: ఎవరూ దిద్దకుండా ముద్ర వేసినది ఒకటి, ఎప్పుడైనా చదువుకునేలా తెరిచి ఉంచినది ఇంకొకటి. రెండింటినీ అందరి ఎదుట తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమన్నాడు. 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాను గుహలో జాడీల్లో దొరికిన గ్రంథపు చుట్టలు సుమారు రెండు వేల ఏళ్లు నిలిచాయంటే, ఆ కుండ ఎందుకో అర్థమవుతుంది. పొలం కాగితాలను ప్రాణంలా దాచుకునే మనకు ఇది వేరే చెప్పాలా? ఈ దేశంలో ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు మళ్లీ కొంటారన్న దేవుని మాటకు ఆ కాగితమే గుర్తు.

నన్ను ఎప్పుడూ ఆపేది ఆ తర్వాతి ఘట్టం. కాగితాలు అప్పగించాకే యిర్మీయా ప్రార్థించాడు. దేవునికి అసాధ్యమైనది లేదని మొదలుపెట్టాడు. కానీ చివరికొచ్చేసరికి, ముట్టడి దిబ్బలు కళ్లెదుటే ఉన్నాయి, నగరం పోయినట్టే, ఇప్పుడు పొలం కొనమన్నావేంటి ప్రభువా అని తన అయోమయమంతా ఆయన ముందు పెట్టాడు. సంతకం పెట్టిన చెయ్యీ, ఈ ప్రశ్న అడిగిన నోరూ ఒకే మనిషివి. దేవుడు గద్దించలేదు. నాకు అసాధ్యమైనది ఉందా అని యిర్మీయా మాటనే ప్రశ్నగా తిప్పి అడిగాడు. ముసలితనంలో కొడుకు పుడతాడన్న మాట విని శారా నవ్వినప్పుడు ఆమె గుడారం దగ్గర వినిపించిన ప్రశ్నలోనూ హెబ్రీలో ఇదే క్రియాపదం ఉంది.

అందుకే పిల్లలు లేని తల్లితోనో, జబ్బు తగ్గని మనిషితోనో "నీకు విశ్వాసం చాల్లేదమ్మా" అనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. యిర్మీయాను దేవుడే అలా అనలేదు, మనమెవరం అనడానికి?

దేవుడు వాగ్దానం ఎవరికి, ఏ గడువుతో ఇచ్చాడన్నదీ చూడాలి. మనం ఎంతో ఇష్టంగా కార్డుల మీద వేసుకునే యిర్మీయా 29:11 అప్పటికే బబులోనుకు చెరపట్టబడినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్ల గడువు ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూసి ఉంటారు.

ఇక పొలం కొన్న యిర్మీయా సంగతికొస్తే, ముట్టడి ఎత్తివేయలేదు. మరుసటి ఏడు నగరం పడింది, దేవాలయం కాలిపోయింది. మిగిలినవాళ్లు యిర్మీయాను ఐగుప్తుకు తీసుకుపోయారు. ఆయన ఆ పొలంలో గింజ విత్తాడని బైబిల్ ఎక్కడా చెప్పదు. క్రీ.పూ. 538లో పారసీక రాజు కోరెషు యూదులను స్వదేశానికి వెళ్లనిచ్చాడు. తిరిగొచ్చినవాళ్ల జాబితా ఎజ్రా రెండో అధ్యాయంలో వంశాలవారీగా, ఊళ్లవారీగా ఉంది. ఆ పేర్లు చదవడం విసుగని వదిలేస్తుంటాం. 23వ వచనం దగ్గర మాత్రం ఆగండి: అనాతోతు వాళ్లు, 128 మంది.